పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: తక్కువ ఖర్చుతో నల్లమల నడక

చలికాలం దగ్గరపడేకొద్దీ అడవి ప్రయాణాల గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి విజయవాడ, గుంటూరు పాఠకులు అడిగినవి దాదాపు అన్నీ నల్లమల చుట్టూ తిరిగాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాం. ఊరికి దగ్గరలో నడవదగిన కొండల గురించి వచ్చిన ప్రశ్నలు కూడా ఇందులోనే ఉన్నాయి.

ప్రశ్న: మేము నలుగురం. పిల్లల్లో ఒకరికి తొమ్మిదేళ్లు, ఒకరికి పదమూడేళ్లు. వాళ్లకు నల్లమల చూపించాలని ఎప్పటినుంచో ఉంది. కారు మాట్లాడుకుని రెండు రోజులు రిసార్టులో ఉండి రావాలంటే అయ్యే ఖర్చు మా నెల బడ్జెట్‌ను మించిపోతోంది. బస్సులో వెళ్లి, నడవగలిగినంత నడిచి, అడవిని చూసి రావడం సాధ్యమేనా?
ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సాధ్యమే. ఇలాంటి ప్రయాణంలో డబ్బు చాలావరకు కారు అద్దెకూ గదికీ పోతుంది తప్ప అడవికి పోదు. ఆ రెండింటినీ తగ్గించుకోగలిగితే నల్లమల మధ్యతరగతి కుటుంబానికి అందుబాటులో ఉండే ప్రయాణమే.

మీరు వెళ్లబోయేది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి తెచ్చారు. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు అవతలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా విడిపోయినప్పటికీ, మనవైపు మిగిలిన అడవే 3,000 చదరపు కిలోమీటర్లు దాటి, దేశంలోని పులుల అభయారణ్యాలన్నింటిలోకీ పెద్దదిగా నిలిచింది. దాని ఉత్తరపు కొస మాచర్ల దగ్గర పల్నాడులోనే మొదలవుతుంది. అంటే ఇది మనకు పొరుగు అడవి.

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి శ్రీశైలానికి నేరుగా బస్సులున్నాయి. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటి త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరే దారి పట్టుకోండి. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారమని పెద్దలు ఊరికే అనలేదు, మన ప్రాంతం వాళ్లు తరతరాలుగా కొండకు వెళ్లిన దారి ఇదే. దోర్నాల నుంచి పైకి దాదాపు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు పూర్తిగా అడవిలో సాగుతుంది. రాత్రిపూట ఈ రోడ్డు మీద చెక్‌పోస్టుల దగ్గర వాహనాలను ఆపేస్తారు కనుక, మధ్యాహ్నానికల్లా దోర్నాల దాటే బస్సు ఎక్కితే పిల్లలు కిటికీ దగ్గర కూర్చుని అడవి మొత్తం వెలుతురులో చూడగలుగుతారు. ఏసీ బస్సుకు అద్దాలు మూసి ఉంటాయి. మామూలు ఎక్స్‌ప్రెస్‌లోనైతే గాలితోపాటు అడవి వాసన కూడా లోపలికి వస్తుంది. పైగా 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఉన్న ఆర్టీసీ సర్వీసుల్లో టికెట్ ఉండదు. మీ శ్రీమతి గుర్తింపు కార్డు వెంట ఉంచుకుని, ఎక్కబోయే బస్సు ఆ కోవలోకి వస్తుందో లేదో ముందే కౌంటర్లో అడిగి తెలుసుకోండి. రెండు బస్సులు మారాల్సి వచ్చినా, నలుగురి ఖర్చులో ఆ తేడా తక్కువేమీ కాదు.

బసకు దేవస్థానం వారి గంగాసదన్, గౌరీసదన్ వంటి వసతి గృహాలున్నాయి. అవి దొరకకపోతే వేర్వేరు సంఘాల సత్రాలు చాలా ఉన్నాయి. శనివారం, ఆదివారం, సోమవారం కొండ కిటకిటలాడుతుంది కనుక మంగళవారం బయలుదేరి గురువారం తిరిగొచ్చేలా చూసుకుంటే గది సులువుగా దొరుకుతుంది. దేవస్థానం వారి అన్నప్రసాదం ఉంది కాబట్టి భోజనం గురించి బెంగ పెట్టుకోనవసరం లేదు.

ఇక నడక సంగతి. శ్రీశైలంలో చూడవలసినవి చాలావరకు దోర్నాల రోడ్డు వెంబడే ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. అందరూ గుడి దగ్గర ఆటో మాట్లాడుకుని ఎగువకు వెళ్లి, మళ్లీ అదే ఆటోలో దిగి వస్తారు. మీరు ఉదయాన్నే పంచుకునే ఆటోలో శిఖరేశ్వరం దాకా వెళ్లండి. అక్కడి నుంచి గుడి గోపురాలనూ, చుట్టూ పరుచుకున్న అడవినీ చూసి, అదే ఆటోలో హాటకేశ్వరం దగ్గర దిగి, దాన్ని అక్కడితో పంపించేయండి. హాటకేశ్వరానికి ఎదురుగా మెట్లు దిగితే పాలధార, పంచధార వస్తాయి. రెండు వైపులా కొండ ఎత్తుగా లేచి, మధ్యలో చెట్ల నీడ పడుతుంది. బండ సందుల్లోంచి నీరు సన్నగా ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో సైతం ఆ బండ చేతికి చల్లగా తగులుతుంది. ఆదిశంకరులు ఇక్కడ తపస్సు చేశారని ప్రతీతి. పిల్లలను అరగంట అక్కడ కూర్చోనివ్వండి, తొందరపెట్టకండి. మెట్లెక్కి మళ్లీ రోడ్డు మీదికి వచ్చాక సాక్షి గణపతి మీదుగా గుడి దాకా దారి చాలావరకు పల్లంలోనే ఉంటుంది కాబట్టి తొమ్మిదేళ్ల బిడ్డ కూడా నడవగలదు. పట్టపగలు, గుంపుగా, రోడ్డు వదలకుండా నడవాలన్నది మాత్రం గట్టి నియమంగా పెట్టుకోండి.

మధ్యాహ్నం చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చూసి, సాయంత్రం పాతాళగంగ మెట్లు దిగండి. దిగడం తేలికే గానీ ఎక్కడం కష్టం. రోప్‌వే ఉంది కనుక మెట్ల దారిన దిగి, దానిలో పైకి వస్తే ఒకవైపు టికెట్‌తో సరిపోతుంది.

పులుల అభయారణ్యానికి వెళ్లి సఫారీ చేయకపోతే ఎలా అని పిల్లలు అడగవచ్చు. దోర్నాల–శ్రీశైలం రోడ్డు మీద తుమ్మలబయలు దగ్గర అటవీశాఖ జీపు సఫారీ నడుపుతోంది. ఒక్క కుటుంబానికే జీపు తీసుకోకుండా మరో కుటుంబంతో కలిసి నిండుగా వెళ్తే తలకు పడేది తగ్గుతుంది. పులి కనిపిస్తుందని మాత్రం పిల్లలకు మాట ఇవ్వకండి. దుప్పి, కణితి, నెమలి, అడవికోడి కనిపిస్తాయి, నేల మీద పాదముద్రలు కనిపిస్తాయి. వాటిని చదవడం పక్కనున్న చెంచు గైడు చేత చెప్పించుకోగలిగితే, పులిని దూరం నుంచి రెండు క్షణాలు చూసినదాని కంటే అదే వాళ్లకు ఎక్కువకాలం గుర్తుంటుందని మా నమ్మకం. కొండ మీద ఏదైనా కొని తీసుకెళ్లాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె కొనండి. ఆ తేనె పట్టిన చెంచులకు ఆ డబ్బులో వాటా చేరుతుంది.

ప్రశ్న: కాలేజీలో మా మిత్రబృందం ఆరుగురం. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి పాత కాలిబాట ఉందని విన్నాం. డిసెంబరు సెలవుల్లో గుడారాలు వేసుకుంటూ నడిచి వెళ్లాలనుకుంటున్నాం. గైడూ వద్దు, టికెట్లూ అక్కరలేదు, ఖర్చేమీ ఉండదని మా సీనియర్లు చెప్పారు. నిజమేనా?
ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దారి ఉన్న మాట నిజం. మిగతాది నిజం కాదు, దయచేసి ఆ సలహా పాటించకండి.

పెచ్చెరువు పులుల అభయారణ్యం లోపలి భాగంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేనివారు వెళ్లరాదు. అనుమతి ఎవరికి, దేనికి ఇవ్వవచ్చునో 28వ సెక్షన్ చెబుతుంది, అందులో పర్యాటకం కూడా ఉంది. అంటే మీరు అడిగితే ఇవ్వడానికి చట్టంలో చోటుంది, అడగకుండా వెళ్తే నేరమవుతుంది. గుడారం వేసుకుని రాత్రి గడపడం అంతకంటే పెద్ద తప్పు. కేసు సంగతి అలా ఉంచితే, ఆ దారిలో సెల్‌ఫోన్ సిగ్నలు చాలాచోట్ల ఉండదు, ఎండాకాలం వస్తే వాగులు ఎండిపోతాయి, ఎలుగుబంట్లు తిరుగుతాయి. కాలు బెణికిన స్నేహితుణ్ణి మోసుకుంటూ రోడ్డెక్కాలంటే ఎంతసేపు పడుతుందో ఒకసారి ఆలోచించండి.

అయితే ఆ దారిలో నడవాలన్న మీ కోరిక చాలా మంచిది. దాన్ని వదులుకోకండి, కాలం మార్చుకోండి. ఏటా మహాశివరాత్రికి ముందు, ఉగాదికి ముందు ఈ బాటలో పాదయాత్రికులను నడవనిస్తారు. శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా వస్తారు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి బయలుదేరి, నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర కొండెక్కి, పెచ్చెరువులో ఆగి, భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ నిట్టనిలువుగా ఎక్కి కైలాసద్వారం చేరతారు. అక్కడి నుంచి హాటకేశ్వరం మీదుగా గుడికి వెళ్తారు. మామూలుగా రెండు రోజుల నడక. దారి పొడుగునా తాగునీరు, భోజనం, వైద్య శిబిరాలు ఉంటాయి, దాతలు పెట్టే అన్నదానాలకు లోటుండదు. మీ సీనియర్లు చెప్పిన ‘ఖర్చులేని నడక’ నిజంగా ఉన్నది ఆ రోజుల్లోనే. గుంటూరు నుంచి నంద్యాల దాకా రైలు, అక్కడి నుంచి ఆత్మకూరుకు బస్సు పట్టుకుంటే చాలు.

ఆ బాటకూ మీ ప్రాంతానికీ ఒక సంబంధం ఉంది. రెడ్డిరాజులలో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆయన రాజధాని అద్దంకి. ఆయన కొడుకు అనవోతారెడ్డి కాలంలో రాజధాని కొండవీటికి మారింది. భీముని కొలను నుంచి కైలాసద్వారానికి ఎక్కేటప్పుడు కాలికింద ఉండే రాళ్లను కాస్త గమనించండి. ఒక్కొక్క మెట్టు ఒక్కో ఎత్తులో ఉంటుంది, నడుమ భాగం పాదాల రాపిడికి నునుపెక్కి ఉంటుంది. వాన పడితే ఆ నునుపు మీదే కాలు జారుతుంది, అంచుల మీద అడుగు వేస్తూ ఎక్కాలి.

డిసెంబరులోనే వెళ్లాలనుకుంటే ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో, నంద్యాల–గిద్దలూరు రోడ్డు మీద పచ్చర్లలో అటవీశాఖ నడిపే జంగిల్ క్యాంపులున్నాయి. గదికో గుడారానికో కట్టే డబ్బు ఆరుగురూ పంచుకుంటే మరీ భారం కాదు. అడవిలో ఎక్కడి దాకా నడవనిస్తారో, వెంట ఎవరిని పంపుతారో క్యాంపు వారినే అడిగి, చెప్పినంత మేరకే వెళ్లండి. వెంట వచ్చే చెంచు యువకుడికి ఇచ్చే కూలి గురించి బేరమాడకండి. ఆ అడవిని కాపలా కాసే బేస్ క్యాంపుల్లో పనిచేసేవారిలో చాలామంది వాళ్లే.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. కొండలెక్కలేను, ఘాట్ రోడ్డులో కడుపు తిప్పుతుంది. అడవిని చూసే భాగ్యం నాలాంటి వాళ్లకు లేదా?
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ ఊళ్లోనే రైలెక్కండి మేడమ్. గుంటూరు–నంద్యాల మార్గం నల్లమలను అడ్డంగా దాటుతుంది. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు దాకా పొలాలూ మెట్టలూ సాగి, దిగువమెట్ట దాటాక బండి అడవిలోకి ప్రవేశిస్తుంది. బొగద దగ్గర సొరంగాలు వస్తాయి. ఆ తర్వాత చలమ, గాజులపల్లె దాటి నంద్యాల మైదానంలోకి దిగేవరకు కిటికీకి రెండు వైపులా చెట్లూ లోయలే. పూర్వం మీటర్‌గేజి రోజుల్లో ఇదే కొండల్లో దొరబావి వంతెన మీదుగా బండ్లు నడిచేవి. బ్రాడ్‌గేజికి మార్చినప్పుడు దారి మళ్లించడంతో అది వాడకం లేకుండా మిగిలిపోయింది.

ఎక్స్‌ప్రెస్‌లలో కొన్ని ఈ ముక్కను చీకట్లో దాటేస్తాయి, వాటిలో వెళ్తే ప్రయోజనం లేదు. గిద్దలూరు–నంద్యాల మధ్య పగటిపూట నడిచే బండి ఏదో టైంటేబుల్‌లో చూసుకుని, వీలైతే ప్యాసింజరులో వెళ్లండి. టికెట్ ధర చాలా తక్కువ, బండి నెమ్మదిగా వెళ్తుంది, మీకు కావలసింది కూడా అదే. వానాకాలం చివర, అంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పచ్చదనం నిండుగా ఉంటుంది. మార్చి వస్తే ఇది ఆకురాల్చే అడవి కనుక చెట్లు బోడిగా నిలబడతాయి. అప్పుడు కూడా మోదుగ పూలు చూడముచ్చటగా ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో కంభంలో దిగగలిగితే అక్కడి చెరువును చూడండి. గుండ్లకమ్మకు కొండల మధ్య అడ్డంగా కట్టవేసి, విజయనగర కాలంలో నిర్మించిన ఈ చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు దాకా ఆటోలు దొరుకుతాయి, మోకాళ్లకు పని పడదు.

ప్రశ్న: మా కాలనీ మహిళలం పదిమందిమి కలిసి ఒక్కరోజు నడకకు వెళ్లాలనుకుంటున్నాం. పొద్దున వెళ్లి చీకటి పడకముందే ఇంటికి చేరాలి. ఎక్కడికి వెళ్లమంటారు?
ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: ఒక్కరోజులో శ్రీశైలం వెళ్లి రావాలనుకుంటే రోజంతా బస్సులోనే గడిచిపోతుంది. మీకు కొండవీడు సరైన చోటు. ఫిరంగిపురం దాకా బస్సులో గానీ రైల్లో గానీ వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో కొండ దిగువకు చేరి, ఘాట్ రోడ్డు వెంబడి నడిచి పైకి వెళ్లవచ్చు. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న రాజధాని ఇది. 1515లో కృష్ణదేవరాయలు దీన్ని జయించారు. పైన కోట గోడలు, బురుజులు, శిథిల మండపాలు, ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. అంత ఎత్తున, వాన నీటినే ఒకదాని తర్వాత ఒకటిగా పట్టి నిలిపిన చెరువులవి. కోటలోని జనం ముట్టడిని తట్టుకుని నెలల తరబడి ఎలా ఉండగలిగారన్న ప్రశ్నకు జవాబు ఆ గట్ల మీద నిలబడితే దొరుకుతుంది. దిగువన గోపీనాథస్వామి గుడి ఉంది, దాన్నే కత్తుల బావి గుడి అంటారు. దిగివచ్చేటప్పుడు చూడండి.

దసరా నుంచి కార్తీకం దాకా కొండవీటి సీతాఫలాలు దారి పక్కనే బుట్టల్లో అమ్ముతారు. ఉదయం తొమ్మిది లోపు ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదిరేలోపు చెరువుల దగ్గర నీడకు చేరతారు. శిథిల బురుజుల మీదికి మాత్రం ఎక్కవద్దు, రాళ్లు కదులుతున్నవి ఉన్నాయి.

మరోసారికి ఎత్తిపోతల పెట్టుకోండి. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో చంద్రవంక లోయలోకి దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకుతుంది. మడుగులో మొసళ్లున్నాయి, అందుకే నీళ్లలోకి దిగనివ్వరు. అక్కడి దాకా వెళ్లినవారు అనుపు చూడకుండా రాకూడదు. సాగర్ నీటిలో మునిగిన ఇక్ష్వాకుల విజయపురి నుంచి కొన్ని కట్టడాలను తెచ్చి అక్కడ తిరిగి నిలబెట్టారు, వాటిలో మెట్ల వరుసలతో ఉన్న రంగస్థలం ఒకటి. నాగార్జునకొండ లాంచీ కూడా ఎక్కాలనుకుంటే శుక్రవారం మినహాయించండి, ఆరోజు మ్యూజియానికి సెలవు. వేసవిలో మాత్రం అటు వద్దు. రెంటచింతల ఎండలు ఎలాంటివో గుంటూరు వారికి చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఫోను వదలడు, పది నిమిషాలు నడిస్తే కాళ్లు నొప్పులంటాడు. ఒకేసారి నల్లమలకు తీసుకెళ్లాలంటే భయంగా ఉంది. విజయవాడ దగ్గరలో అలవాటు చేయడానికి ఏదైనా అడవి ఉందా?
ఒక తల్లి, భవానీపురం, విజయవాడ

జవాబు: మీ ఇంటికి కాసేపటి ప్రయాణంలోనే కొండపల్లి రిజర్వు ఫారెస్టు ఉంది. సుమారు 120 చదరపు కిలోమీటర్ల అడవి అది. మొదటి వారం మూలపాడు తీసుకెళ్లండి. అక్కడ ఇబ్రహీంపట్నం దాటాక అటవీశాఖ సీతాకోకచిలుకల పార్కు పెట్టింది. దారి సమంగా ఉంటుంది కనుక పిల్లవాడు అలసిపోడు. ఎండ కాస్త వేడెక్కాకే సీతాకోకచిలుకలు రెక్కలు విప్పుతాయి కాబట్టి మరీ తెల్లవారుజామున వెళ్లనవసరం లేదు. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య చేరుకుంటే మంచిది. వానలు తగ్గిన తర్వాత రెండు నెలలు అవి ఎక్కువగా కనిపిస్తాయి. తడి మన్ను మీద గుంపుగా వాలి నీరు పీల్చుకునే సీతాకోకచిలుకలను చూపించి, కదలకుండా కూర్చుని లెక్కపెట్టమనండి.

రెండోసారి కొండపల్లి కోట. ఊరి దాకా సిటీ బస్సుంది, రైల్వే స్టేషనూ ఉంది. ఘాట్ రోడ్డు మీద ఆగుతూ ఆగుతూ నడిస్తే పిల్లవాడు పైకి చేరతాడు. మూడంతస్తుల రాతి బురుజు, రాణిమహల్, గజశాల చూశాక గోడ పక్కన నిలబెట్టి ఒకవైపు అడవినీ, మరోవైపు థర్మల్ స్టేషన్ గొట్టాలనూ, కృష్ణనూ చూపించండి. దిగాక బొమ్మల కాలనీకి వెళ్లడం మరిచిపోవద్దు. ఈ కొండల్లో పెరిగే తెల్లపొణికి కర్రనే అక్కడ బొమ్మలుగా చెక్కుతారు. కర్ర చేతిలో పెడితే పిల్లలు ఆశ్చర్యపోతారు, అంత తేలిక. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆరాక రంగులు వేస్తారు. పైన చూసి వచ్చిన అడవి దిగువన ఒక వీధి మొత్తానికి అన్నం పెడుతోందని మీవాడికి చెప్పకుండానే తెలుస్తుంది. చిన్న బొమ్మ ఒకటి పనివాళ్ల దగ్గరే కొనివ్వండి.

ప్రశ్న: అడవి నడకకు ఏమేమి కొనాలి? ఆన్‌లైన్‌లో చూస్తే బూట్లకూ బ్యాగులకే వేలల్లో అవుతోంది.
ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: పైన చెప్పిన దారుల్లో దేనికీ ప్రత్యేకంగా కొనవలసిన అవసరం లేదు. అరిగిపోని, పట్టు ఉన్న మామూలు క్యాన్వాస్ బూట్లు, పొడుగు చేతుల చొక్కా, నూలు తువ్వాలు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు పట్టే సీసాలు చాలు. కొత్త బూట్లు మాత్రం ప్రయాణం రోజే మొదటిసారి వేసుకోకండి, పొక్కులు లేస్తాయి. మెరిసే రంగుల దుస్తులు, అత్తరు వద్దు. తేనెటీగలున్న చోట అత్తరు ప్రమాదం కూడా. ప్లాస్టిక్ కవర్లు, వాడి పారేసే సీసాలు ఇంట్లోనే వదిలేయండి. కోతులకు తిండి పెట్టకండి. ఒకరు పెట్టిన బిస్కెట్టుకు అలవాటుపడిన కోతి తర్వాత వచ్చిన పిల్లవాడి చేతిసంచి లాక్కుంటుంది, రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతుంది.

ప్రశ్న: కార్తీకమాసంలో మా బంధువులమంతా నల్లమలలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు పెట్టుకోవాలనుకుంటున్నాం. అక్కడే వండుకోవచ్చా? అలాగే ఆగస్టులో డ్యాము గేట్లు ఎత్తినప్పుడు వెళ్తే రెండూ కలిసొస్తాయా?
ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అభయారణ్యంలో పొయ్యి వెలిగించకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ నిప్పు పెట్టడాన్ని నిషేధించింది. కార్తీకం నాటికి గడ్డి ఎండడం మొదలవుతుంది, ఆర్పామనుకున్న నిప్పురవ్వ గాలికి మళ్లీ రాజుకుంటుంది. పులిహోర, దద్దోజనం ఇంట్లోనే కలిపి స్టీలు క్యారియర్లలో పట్టుకెళ్లి, శ్రీశైలం క్షేత్రంలోనో కొండవీటిలోనో తినడానికి అనుమతించిన చోట కూర్చుని తినండి, మిగిలింది వెనక్కి తెచ్చేయండి. ఉసిరికాయలు, కుంకుళ్లు, జిగురు వంటివి కోసుకోకండి. అటవీ ఫలసాయం మీద చెంచులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది, సందర్శకులకు ఇవ్వలేదు.

ఇక ఆగస్టు సంగతి. పులులు జతకట్టే కాలమని జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా అభయారణ్యంలో సఫారీలు, అడవి నడకలు ఆపేస్తారు. శ్రీశైలం రోడ్డు, గుడి మాత్రం ఎప్పటిలాగే తెరిచే ఉంటాయి. ఎగువన వరద వచ్చి జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి చేరువైతే గేట్లు ఎత్తుతారు. దాన్ని చూడటానికి టికెట్ అక్కరలేదు గానీ సున్నిపెంట రోడ్డు మీద వాహనాల రద్దీ విపరీతంగా ఉంటుంది. కాబట్టి గేట్ల కోసం ఆగస్టులో ఒక పనిదినం బస్సులో వెళ్లి రండి, అడవి కోసం అక్టోబరు మొదటి వారం తర్వాత విడిగా వెళ్లండి. కార్తీక సోమవారాల్లో శ్రీశైలంలో గదులు దొరకడం కష్టం కనుక, వనభోజనాలు కార్తీకంలోనే అనుకుంటే మధ్యవారం తేదీ ఎంచుకుని వసతి ముందే ఖాయం చేసుకోండి.